మూఢం రేటు

చిక్కడపల్లిలోని తన ఇంటి కింది వాటాను మా మేనత్త సామానుతో సహా రోజుల లెక్కన కిరాయికి ఇస్తుంది. నారాయణగూడలో డిగ్రీ చదువుతూ ఆమెతోపాటు పై వాటాలో ఉంటున్న నాకు, ఫోన్‌లోని యాప్‌లో ఆ రేటు మార్చే పని అప్పగించింది. హోటళ్లు సెలవులు చూసి రేటు పెంచుతాయి; మా అత్త పంచాంగం చూసి పెంచుతుంది. ముహూర్తాలున్నప్పుడు చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు వచ్చే పెళ్లివాళ్లు దిగుతారు కనుక పూర్తి రేటు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే సగం.

అటువంటి ఒక మూఢంలోనే మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక అక్క వచ్చి దిగింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ ముగిసింది. హాస్టల్ గదిలో పదిమంది మాటల మధ్య చదువు సాగక, సర్కారు ఉద్యోగ పరీక్ష దాకా ఒంటరిగా చదువుకోవాలనుకుంది. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. అంతలో పరీక్ష వాయిదా పడి, కొత్త తేదీ సరిగ్గా ముహూర్తాల నడుమకు వచ్చింది.

"ఎల్లుండి సంది ముహూర్తాలు షురూ. రేటు పెంచు. ఆ పిల్లకు గూడ చెప్పిన," అన్నది అత్త.

నేను నిరాకరించాను. కళాశాల చర్చావేదికల మీద నేర్చినదంతా వంటింటి గడప దగ్గర నిలబడి వినియోగించాను. గోడలు అవే, నీళ్లు అవే, మంచం అదే. తిథి మారినంత మాత్రాన ధర మారడానికి హేతువేమిటని అడిగాను. ఏడాది పొడవునా ఒకే సగటు రేటు ఉండటమే న్యాయమని ప్రతిపాదించాను.

అత్త చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపలేదు. "మైకొక్కటే తక్కువైంది. గట్లయితే మూఢంల తక్కువ దీసుకునుడు గూడ అన్యాయమే గద?"

అప్పుడే తాళంచెవి అప్పగించడానికి పైకి వచ్చిన అక్క గుమ్మంలో ఆగి మా మాటలు విన్నది.

"చెల్లే, నువ్వు జెప్పే సగటు రేటుంటే నేను ఈ మెట్లే ఎక్కేదాన్ని గాదు. సగం ఉన్నదనే గద వచ్చిన," అన్నది. గొంతులో నిష్ఠురం లేదు. రాంనగర్‌లో హాస్టల్ చూసుకున్నానని, బ్యాగులు సర్దేశానని చెప్పింది.

నా ప్రతిపాదన వీగిపోయింది. అయితే మళ్లీ హాస్టల్‌కు వెళితే ఆమె చదువు ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

"వాదం ఓడిపోయిన అత్తా. గని పరీక్ష దాకా అక్క యాడ చదువుకోవాలె?"

అత్త తలెత్తింది. "కింద పెళ్లోల్లకే. పైన నీ గది లేదా? న్యాయం నీది, గది గూడ నీదే ఇయ్యి. మూఢం రేటే దీసుకుంట."

"దానికి గూడ కిరాయేనా?"

"ఊకెనే ఉండమంటె ఉంటదేమో ఆమెనే అడుగు."

"ఊకెనే అయితే ఉండ," అన్నది అక్క. తర్వాత నా వైపు చూసి నవ్వింది. "గని చెల్లే, నిద్రల గూడ వాదిస్తవా ఏంది?"

ఆ సాయంత్రమే నా బల్ల ఖాళీ చేసి ఇచ్చాను. యాప్‌లో ముహూర్తం రేటు కూడా నేనే పెట్టాను. కింద పెళ్లి సందడి నడిచినన్ని రోజులూ ఆమె కిటికీ మూసుకొని చదివింది. నేను పుస్తకం పట్టుకొని ప్రశ్నలు అడిగాను. పరీక్ష నాటి ఉదయం, హాల్ టికెట్ చేతపట్టుకొని, గుమ్మం ముందు కుప్పగా పడి ఉన్న పెళ్లివాళ్ల చెప్పులను దాటుకుంటూ వీధిలోకి నడిచింది.