పగలగొట్టని పెట్టె

దస్తగిర్‌ను తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. ఏడుపు ఆ తర్వాతే. మంచి చెక్క కంటబడితే ఆ మనిషికి ఒళ్లు తెలియదు. రాయచోటిలో తలుపులూ మంచాలూ చేసుకునే వడ్రంగిని తెచ్చి, అరబ్బు దేశంలో ఉన్న ఈ ఘాలాలో పెట్టెలు పగలగొట్టే పనిలో పెట్టింది కంపెనీ. తంటా అంతా అక్కడే మొదలైంది.

నేను ఓబయ్యను, ఆ కంపెనీలోనే బస్సు డ్రైవర్ని. మాదీ రాయచోటి పక్క పల్లెనే. పొద్దున జనాన్ని రూముల దగ్గర ఎక్కించుకుని గోడౌన్ల దగ్గర దింపుతాను, సాయంత్రం మళ్లీ తెస్తాను. దస్తగిర్ మంచమూ నా మంచమూ ఒకే రూములో పక్కపక్కన.

ఆ గోడౌన్‌కు వచ్చేది మిలిటరీ సామాను. ఒక పెద్ద దేశం తన స్నేహదేశాలకు పంపే సరుకు. కొంత అమ్మకం, కొంత ఊరికే ఇచ్చే సాయం. ఫిరంగి గుళ్లున్న పెట్టెలు నేరుగా క్యాంపులకు పోయేవి. ఖాళీ అయ్యాక చెక్క పెట్టెలను మా గోడౌన్‌కు తెచ్చేవారు. వాటిని పగలగొట్టి ముక్కలు చెయ్యడమే దస్తగిర్ డ్యూటీ.

మా సూపర్వైజర్ రియాజ్‌ది నిజామాబాద్. టీ తాగేటప్పుడు ఎవరైనా అడిగితే చాలు, పాఠం మొదలుపెట్టేవాడు.

"అమ్మి చేతులు దులుపుకుంటే దోస్తీ అంటరా భాయ్? ఇవాళ ఒక బండి అమ్మితే ఏండ్లకేండ్లు దానికి పార్టులు వాళ్లే పంపాలె. నడుపుడు నేర్పేటోళ్లు గూడ వాళ్లే రావాలె. దోస్తు బలంగా ఉంటే ఈ సముద్రం దారి వాళ్లకు గూడ ఖుల్లా ఉంటది. గందుకే ఇస్తరు."

"ఇచ్చినంక మళ్లా అడగరా సార్?" అన్నాడు దస్తగిర్.

"అడగకేం! అప్పుడప్పుడు వచ్చి నంబర్లు చూసుకుంటరు. ఇచ్చింది తీసుకున్నోళ్ల దగ్గరనే ఉన్నదా, ఇంకెవరి చేతులకన్న పోయిందా అని. ఖాళీ డబ్బా గూడ గేటు దాటొద్దు, సమజైందా?"

అర్థమైందని దస్తగిర్ తల ఊపాడు. ఏం అర్థమైందో ఆ దేవుడికే తెలియాలి.

రూముకు వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టకుండా ఆలోచించేవాడు. "ఆ పెట్టెల్లో ఉన్నింది యాడ పడిందో న్నా. ఎవురి ఇంటి మీద పడిందో." ట్రైనింగ్‌లో కాల్చినవంట, నీకెందుకురా అని కసిరేవాణ్ని. "అన్నీ ట్రైనింగ్‌లోనే కాలిస్తే ఇన్ని పెట్టెలు యాలొస్తాయి?" అనేవాడు. టీవీలో యుద్ధం వార్తలు వస్తే లేచి బయటికి పోయేవాడు.

దస్తగిర్ చెల్లెలు హసీనా అదే ఊళ్లో అల్ మవాలే అనే పేటలో ఒక ఇంట్లో పని చేసేది. పాలు తాగే బిడ్డను అత్త చేతిలో పెట్టి వచ్చిన మనిషి. ఆ బిడ్డ బిల్కీస్ ఇప్పుడు బడికి పోతోంది. గుండెలో రంధ్రం ఉందని తేలింది. సోమవారం తిరుపతిలో ఆపరేషన్. ఆ పిల్ల ఫోన్‌లో ఒకటే పట్టు: "అమ్మ వస్తేనే ఆస్పత్రికి పోతా." హసీనా పనిచేసే ఇంటి యజమానురాలు అజీజా మంచి మనిషి. విషయం చెప్పగానే సెలవిచ్చి శుక్రవారానికి టిక్కెట్టు కొనిచ్చింది.

మా వాళ్లు ఇంటికి పోతున్నారంటే కార్టన్, అదే అట్టపెట్టె, ఉండాలి కదా. నాలుగు వైపులా నైలాన్ తాడు బిగించి, మీద లావు పెన్నుతో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత సామాను కూరడం మాకు అలవాటు. కిందటిసారి హసీనా పంపిన కార్టన్ దారిలో పగిలి, సబ్బులూ పాలపొడీ ఒకటై ఇల్లు చేరాయి. అందుకే దస్తగిర్ ఈసారి చెక్క పెట్టె తెచ్చాడు. చిత్రిక పట్టి పట్టి పసుపుపచ్చగా తేల్చాడు, మూలలు గుండ్రం చేశాడు. లోపల పిల్లకోసం చిన్న బొమ్మ ఉయ్యాల కూడా పెట్టాడు.

"యాడిది రా?" అన్నాను.

"స్క్రాప్ చెక్క న్నా. నేనే చేసినా."

నమ్మాను. ఎంత ముచ్చటగా ఉందో! హసీనా దాన్ని నిమిరి నిమిరి చూసుకుంది.

శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్టులో ఆమెను దింపి, మేమిద్దరం పార్కింగ్‌లో నిలబడ్డాం. కాసేపటికి ఫోన్ వచ్చింది. హసీనా ఏడుస్తోంది.

"భయ్యా, పెట్టెను ఏందో గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మిషన్‌లో పెట్టినారు. అది కూసింది. మందుగుండు అంటాండారు. పెట్టె ఎవురిదని అడిగితే నాదే, నేనే సర్దినానని చెప్పినా. అట్లే చెప్పమన్నారు గదా అందరూ!"

అవును, మేం అందరికీ నేర్పేది అదే. ఎవరేమడిగినా నా సామానే, నేనే సర్దుకున్నానని చెప్పు, లేకపోతే లేనిపోని అనుమానాలు వస్తాయని. ఆ తల్లి తు.చ. తప్పకుండా అప్పజెప్పింది.

దస్తగిర్ మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. "గుళ్ల పెట్టెనా రా అది?"

"పగలగొట్టడానికి మనసొప్పలేదు న్నా. ఒక్క ముడి లేని చెక్క. స్క్రాప్ బండిలో బయటికి తెచ్చి, అక్షరాలు బాగలేవని మీద చిత్రిక పట్టినా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నంబర్లు చెరిపి దొంగతనంగా పంపినట్టు అయిందే అది! ఎవరు నమ్ముతారురా నిన్ను?"

బయట నంబరు లేదు గానీ మూత లోపల కాల్చి వేసిన ముద్ర అట్లాగే ఉందని దస్తగిరే చెప్పాడు. నేను దస్తగిర్ చెయ్యి పట్టుకున్నాను. "పోవద్దు. ఆడమనిషి, విచారించి వదిలేస్తారులే. నువ్వు పోతే లోపలేస్తారు."

"ఎప్పుడు వదుల్తారు? సోమవారం దాటినంకనా? పాప ఆడ అమ్మకోసరం చూస్తాంటాది న్నా." చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచాడు. చెక్కపొడి ఇంకా చెప్పులకు అంటుకునే ఉంది.

పెట్టె తనదేనని, చెల్లెలికి ఏమీ తెలియదని చెప్పాడంట. గోడౌన్‌కు పోయి విచారించి, మాట నిజమని తేల్చుకుని, మరుసటి రోజు హసీనాను ఇంకో విమానం ఎక్కించారు, దస్తగిర్‌ను మాత్రం లోపలే ఉంచుకున్నారు. ఆదివారం హసీనా తిరుపతి చేరింది. సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. పిల్ల కళ్లు తెరిచి మొదట అమ్మనే చూసిందని ఫోన్‌లో చెప్పి, "మా భయ్యా ఎట్లుండాడు?" అని అడిగింది. బాగున్నాడమ్మా అన్నాను.

మా కంపెనీ మాత్రం దస్తగిర్ మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అనేసింది. కాంట్రాక్టరు ఫోనే ఎత్తడం లేదు. ఎన్ని గడపలు ఎక్కానో, ఎంతమందితో అరిచానో నాకే తెలియదు. రియాజ్ కూడా నాతో తిరిగాడు పాపం.

నిన్న జైల్లో దస్తగిర్‌ను చూడటానికి పర్మిషన్ దొరికింది. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. పిల్ల బాగుందని చెబితే కళ్లు మూసుకుని అల్లాకు దండం పెట్టుకున్నాడు. ఎప్పుడు వదుల్తారని అడుగుతాడనుకున్నాను.

"ఆ పెట్టెను పగలగొట్టినారా న్నా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "లేదురా! పెట్టె మాదే అని ఆ సరుకు పంపిన దేశమోళ్లు మూడో రోజే వచ్చినారు. బట్ట చుట్టి, సంతకాలు పెట్టి, ఇద్దరు మోసుకుని పోయినారు. గీత కూడా పడనీలేదు."

"మంచిదిలే" అన్నాడు దస్తగిర్. నేను లేచేటప్పుడు అడిగాడు.

"నాకోసరం ఎవురన్నా వచ్చినారా న్నా?"

నేను వచ్చాను కదరా అన్నాను.