నాయన మిలిటరీ బండి, నా సవాలు

ఆ రోజుల్లో నాకు అలసట అంటే ఏమిటో తెలియదు. మార్కాపురంలో డిగ్రీ పూర్తిచేసి, అక్కడే ఒక ట్యుటోరియల్లో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు చర్చావేదిక మిత్రులతో కలిసి దయ్యాలనూ ముహూర్తాలనూ వాస్తునూ వరసబెట్టి ఓడించేవాణ్ణి. (అవి ఎదురు మాట్లాడేవి కావు కాబట్టి గెలుపు సులువుగానే ఉండేది.) ఊరికి పోయే బస్సులో పక్కన కూర్చున్నవాడి మెడలో తాయెత్తు కనిపిస్తే, తర్లుపాడు వచ్చేలోపు అతని చేత దాన్ని తీయించి జేబులో పెట్టించాలని నా పంతం. చాలామంది మధ్యలోనే దిగిపోయేవాళ్ళు. వాళ్ళు దిగింది వాళ్ళ ఊళ్ళో కాదేమోనన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు అదే దారిలో, డ్రైవరు ముందు నిమ్మకాయల దండ ఊగుతున్నా, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాను. ఈ నీరసం నాలో ఎప్పుడు మొదలైందా అని వెనక్కి చూసుకుంటే, మా ఇంటి పక్కన పట్టా కప్పుకుని నిలబడ్డ మిలిటరీ బండి దగ్గర ఆగిపోతాను.

నాయన పట్టాళంలో డ్రైవరుగా చేసి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకు, పాతబడ్డ బండ్లను వేలం వేస్తున్నారని ఎవరో చెబితే వెళ్ళి, తాను తోలిన రకం లారీనే పాడుకుని ఇంటికి తెచ్చాడు. (తెచ్చాడంటే, ఇంకో లారీ దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది.) పొలం పనికి అది పనికిరాదు, బాడుగకు ఎవరూ పిలవరు, పెట్రోలు మాత్రం ఆవురావురుమంటూ తాగుతుంది. అమ్మ ఆ బండిని చూసినప్పుడల్లా, అది నిలబడ్డ చోట పందిరి వేసుకుని ఉంటే ఈపాటికి బీరకాయలన్నా కాసేవని అనేది. నాయన మాత్రం ఆదివారం వచ్చిందంటే స్నానం కూడా మానేసి బండి కిందికి దూరేవాడు. ఆదివారం నాకూ సెలవే కాబట్టి నేనూ దూరాల్సిందే. ప్లగ్గులు ఉప్పుకాగితంతో రుద్దడం, కార్బురేటర్ విప్పి పెట్రోలులో కడగడం, పాత ట్యూబు కత్తిరించి గాస్కెట్ చేయడం, దొరకని సామాను కోసం గిద్దలూరు దాకా పాత ఇనుము కొట్లన్నీ వెతకడం. ఒకటి బాగైతే ఇంకొకటి పోయేది. రేడియేటర్ కారితే నాయన అందులో గుప్పెడు పసుపు పోసేవాడు. పసుపు పోయి సందుల్లో ఇరుక్కుని కారడం ఆపుతుంది. అంతే, అందులో ఇంకేమీ లేదు. కానీ బండి కింద పసుపునీళ్ళు చూసిన ఊరివాళ్ళు, హేతువాది ఇంట్లో బండికి పూజ చేస్తున్నారని చెప్పుకున్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి రేడియేటర్ పనిచేసే తీరు వివరించాను. అందరూ ఓపిగ్గా విని, చివర్లో కుంకుమ కూడా పెట్టమని సలహా ఇచ్చారు.

అసలు గొడవ వానతో వచ్చింది. మా మబ్బులు గిద్దలూరు కొండల మీద పుట్టి, మా నెత్తి మీదుగా నింపాదిగా నడిచి, కురిచేడు అవతల ఎక్కడో కురుస్తాయి. ఆ ఏడు కంది వేసినవాళ్ళందరూ మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తున్నారు. అందరికంటే ఎక్కువగా చూసేది మా పక్కింటి మామ. మేం ఆయన్ని మబ్బుల మామ అనేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నల్లగా మబ్బు పట్టింది. సరిగ్గా అప్పుడే నాయన బండి స్టార్ట్ చేశాడు. అది ఊరంతా అదిరేలా ఒక దగ్గు దగ్గి నల్లటి పొగ వదిలింది. ఎక్కడి నుంచో గాలి లేచింది, మబ్బు చెదిరిపోయింది. మర్నాడూ అదే జరిగింది. ఇక చెప్పేదేముంది? మిలిటరీ బండి శబ్దానికి మబ్బులు బెదిరిపోతున్నాయని మామ తేల్చాడు. గుడికి పోయేవాళ్ళూ చర్చికి పోయేవాళ్ళూ అనేక విషయాల్లో తేడాలున్నవాళ్ళే అయినా, ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చేశారు. మబ్బు కనిపిస్తే బండి ముట్టుకోవద్దని నాయనను అడిగారు. నాయన సరేనన్నాడు. ఇరుగుపొరుగు కదా అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రచ్చబండ దగ్గర పదిమందిని పోగేసి, గాలి, తేమ, కొండల అడ్డం గురించి గంటసేపు మాట్లాడాను. మామ చివరిదాకా విన్నాడు.

"అల్లుడూ, నీ సదువు నీకాడ పెట్టుకో. నా కంది ఎండిపోతాంది. బండి జోలికి పోవద్దు," అన్నాడు.

సభల్లో ఆరితేరినవాణ్ణి, అక్కడితో ఆగుతానా? సవాలు విసిరాను. బాగా మబ్బు పట్టిన రోజున ఊరందరి ముందూ బండి స్టార్ట్ చేస్తాను. వాన పడిందా, ఇదంతా అబద్ధమని అందరూ ఒప్పుకోవాలి. పడలేదా, బండిని పాత ఇనుము కింద తూకానికి వేసేస్తాను. రెండు దారులూ మూసేశానని నా నమ్మకం. మామ, బండి పీడ విరగడైనా, వాన పడినా, రెండిట్లో ఏదైనా తనకు లాభమేనని లెక్కేసుకుని ఒప్పుకున్నాడు. నాకంటే ఆయన తర్కమే గట్టిదని అప్పుడు నాకు తోచలేదు.

ఇంటికి వచ్చేసరికి కబురు నాకంటే ముందే వచ్చింది. నాయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"నన్ను అడగకుండ నా బండిని పందెం పెట్టినావా?"

"బండి కాదు నాయనా, ఇది సిద్ధాంతం సంగతి."

"వాన పడకపోతే?"

"పడకపోయినా మన సిద్ధాంతం తప్పయిపోదు."

"సిద్ధాంతం ఉంటది లే. బండి ఉంటదా?"

జవాబు లేనప్పుడు ఏం చేయాలో నా సభానుభవం నాకు నేర్పింది. గొంతు పెంచి, మూఢనమ్మకాల వల్ల సమాజానికి జరిగే నష్టం గురించి మాట్లాడాను. నాయన కంచం కడిగేసుకుని, వెళ్ళి బండి మీద పట్టా సరిచేసి, చాలాసేపు దాని బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అమ్మ కూడా ఆ పూట బీరకాయల మాట ఎత్తలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పడమటి దిక్కంతా కారునలుపైంది. ఊరు ఊరంతా మా వాకిట్లోకి వచ్చేసింది. కొనకనమిట్ల నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా ఆగిపోయారు. నాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను ముందర హ్యాండిల్ పెట్టి, చిన్నపాటి ఉపన్యాసం ఒకటి ఇచ్చి, తిప్పాను. ఇంజను మూలిగింది, అంతే. మళ్ళీ తిప్పాను. చోక్ లాగమన్నాను, లాగాడు. పెట్రోలు వస్తోందా అని పైపు ఊడదీసి చూశాను, వస్తోంది. చొక్కా విప్పేసి తిప్పాను. నాయన ముఖం నిండా సానుభూతితో, "ఇంగో పారి తిప్పు నాయనా, పట్టుకునేటట్టుంది," అని పైనుంచి ధైర్యం చెబుతూనే ఉన్నాడు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. అలా ఒంగి తిప్పుతుండగానే వీపు మీద ఒక చినుకు పడింది. చెమటేమో అనుకున్నాను. రెండోది పడింది. తర్వాత లెక్కపెట్టే అవసరం లేకుండా, కుండపోతగా పడింది.

బండి స్టార్ట్ కాలేదు, వాన వచ్చింది. అంటే, బండి మోగితే వాన రాదన్న మాట అక్షరాలా రుజువైంది. రుజువు చేసింది నేను, అదీ ఊరందరినీ పిలిచి మరీ. స్టార్ట్ చేస్తే పడుతుందా పడదా అని రెండు దారులూ మూసిన నేను, అది అసలు స్టార్టే కాకపోవచ్చన్న మూడో దారి మరిచిపోయాను. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆ బండి కింద పడుకుని కూడా మరిచిపోయాను. మామ తడిసిన చేతులతో నన్ను కావలించుకున్నాడు.

"మిలిటరీ బండి గదా అల్లుడూ. ఊరి మాట ఆర్డరు మాదిరి ఇన్నది," అన్నాడు.

అందరూ వెళ్ళాక వసారాలో తల తుడుచుకుంటూ కూర్చున్నాను. నాయన ఎదురుగా కూర్చుని, చొక్కా జేబులోంచి వేలెడంత నల్లటి ముక్క ఒకటి తీసి అరుగు మీద పెట్టాడు. రోటర్. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాలో తిరిగేది. అది లేకపోతే ఏనుగు వచ్చి తిప్పినా ఇంజను అంటుకోదు. పట్టాళంలో డ్రైవర్లు బండి వదిలి పోయేటప్పుడు, ఇంకొకరు ఎత్తుకుపోకుండా దాన్ని ఊడదీసి జేబులో వేసుకుంటారట.

"వాన సంగతి నువ్వు ఎట్లన్న తేల్చుకో," అన్నాడు నాయన. "బండి నాది."

నేను ఒక్క ఉదుటున లేచాను. ఇప్పుడే వెళ్ళి ఊరందరికీ చెప్పాలి. ఇది మోసమని, ఈ పరీక్ష చెల్లదని, మళ్ళీ పెట్టాలని. గడప దాటేసరికి ఎదురు చేలో మామ కనిపించాడు. అంత వానలో, పంచె ఎగ్గట్టి, సాళ్ళ మధ్య ఊరికే నిలబడి ఉన్నాడు. ఒంగి కంది మొక్కలను ఒక్కొక్కటిగా చేత్తో తడుముతున్నాడు. నేను నోరు తెరిచాను, మూసుకున్నాను. చేతిలో వాదన ఉండి కూడా మాట్లాడకుండా వెనక్కి రావడం నా జీవితంలో అదే మొదలు. లోపలికి వస్తే, నాయన బొబ్బలకు కొబ్బరినూనె గిన్నె నా వైపు జరిపాడు.

నాయన తర్వాత ఆ బండి నాకు వచ్చింది. ఇప్పుడు దాని కిందికి దూరాలంటే నాకు నడుము పట్టేస్తోంది, బయటికి రావాలంటే ఎవరో ఒకరు కాళ్ళు పట్టి లాగాలి. ఊళ్ళో బోర్లు పడ్డాయి, అందరి చేతుల్లోనూ వాతావరణం చెప్పే ఫోన్లున్నాయి. అయినా మొన్న మబ్బు పట్టిన పూట నేను పట్టా తీస్తుంటే మబ్బుల మామ కొడుకు ఫోన్ చేశాడు.

"బావా, ఇయ్యాలొక్కరోజు ఆగు. చేనుకు మందు కొట్టినాను, పైన చినుకు పడాల," అన్నాడు.

చెప్పాల్సిన జవాబు మొత్తం నా నాలుక మీదికి వచ్చింది. గాలి, తేమ, కొండల అడ్డం. పురుగుమందు మీద చినుకు పడితే కొట్టింది కాస్తా కొట్టుకుపోతుందన్న సంగతి కూడా. అదంతా మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

"బ్యాటరీ పోయిందిలేరా, ఎట్లాగూ స్టార్ట్ కాదు," అన్నాను.

అతను సంతోషించి ఫోన్ పెట్టేశాడు. ఆ పూట వాన పడిందా లేదా అని మీరు అడుగుతారు. చెప్పను. ఒక్క రోజు వానతో ఏదీ రుజువు కాదు.