వేదిక మీద చెప్పని పేరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా ఉండిపోయింది. దాన్ని దించుకునే చోటు దొరకలేదు. ఇంట్లో చెప్పలేను. స్నేహితులకు చెబితే వాళ్లు నన్ను చూసే చూపు మారిపోతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి.

అప్పట్లో నేను బషీర్‌బాగ్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. సాయంత్రాలు నాంపల్లిలో ఒక ఫిల్మ్ క్లబ్బుకు వెళ్లేదాన్ని. నెలకు రెండు విదేశీ సినిమాలు వేసేవారు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు గబగబా చదవలేని వాళ్ల కోసం సినిమా గురించి ఒక పేజీ తెలుగులో రాసి, గుమ్మం దగ్గర పంచడం నా పని. పదకొండేళ్లు రాశాను. రాయమని ఎవరూ బతిమాలలేదు, మానేయమనీ అనలేదు. ఉక్కపోసినప్పుడు జనం ఆ కాగితంతో విసురుకునేవారు. అయినా అది నా చోటు అనుకునేదాన్ని.

ఆ పేజీలను అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఒక జిరాక్సు షాపులో తీయించేదాన్ని. అక్కడ పనిచేసే అమ్మాయి మణి. మెదక్ పిల్ల. తండ్రి పోవడంతో ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయింది. కాపీలు తీస్తూ తీస్తూ నేను రాసింది చదివేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, గా ముసలాయన ఆఖరికి ఇంటికి పోయిండా, లేదా? మీరు రాయలే."

"వచ్చి చూడు, తెలుస్తుంది," అన్నాను.

వచ్చింది. నేనే తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒక మనిషికి సినిమా చూడటం నేర్పుతున్నానని నాకు లోలోపల గర్వం. తర్వాత ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే ఆ వారం పేజీ మణి రాసింది. ఆ రోజు హాల్లో ఎవరూ ఆ కాగితంతో విసురుకోలేదట. క్లబ్బు కార్యదర్శి విఠల్‌రావు గారు నాకు ఫోన్ చేశారు. జ్వరం ఎలా ఉందని అడగలేదు. "ఎవరమ్మా ఆ పిల్ల?" అని అడిగారు.

అక్కడ మొదలైంది.

అసూయ అంటే మంట అంటారు. నాది మంట కాదు, దురద. గోకకుండా ఉండలేను, గోకితే ఇంకా ఎక్కువ. అప్పటి నుంచి అప్పుడప్పుడూ మణి చేత కూడా రాయించేవారు. మణి రాసిన ప్రతి పేజీ ఎర్ర పెన్ను పట్టుకుని చదివేదాన్ని. ఎక్కడైనా ఒక ఒత్తు తప్పు పోతే ఆ పూట అన్నం రుచిగా ఉండేది. ఎమ్మే చదివినదాన్ని, ముప్పై ఎనిమిదేళ్లదాన్ని, జిరాక్సు షాపు పిల్ల ఒత్తుల కోసం కాచుకుని కూర్చున్నాను. సిగ్గు వేయలేదా అంటారా? వేసేది. సిగ్గు పడుతూనే వెతికేదాన్ని.

ఆ ఏడు క్లబ్బు మొదటిసారి ఐదు రోజుల విదేశీ చిత్రోత్సవం తలపెట్టింది. ప్రారంభ చిత్రం తీసిన దర్శకురాలు స్వయంగా వస్తున్నారు. సినిమాకు ముందు వేదిక మీద తెలుగులో ఒక పరిచయం చదవాలి. విఠల్‌రావు గారు మా ఇద్దరికీ ఆ సినిమా ముందుగానే చూపించి, ఇద్దరినీ రాయమన్నారు. మంచు కురిసే ఊళ్లో నలుగురి బట్టలు ఉతికి బతికే ఒక ఆడమనిషి కథ.

నేను వారం రోజులు కుస్తీ పట్టాను. మణి రెండు కాగితాలు రాసి నా చేతికే ఇచ్చింది.

"జర చూడున్రి అక్కా. తప్పులుంటే దిద్దున్రి. సార్‌కు గిట్లనే ఇయ్యాలంటే సిగ్గయితది."

అందులో ఇలా ఉంది: "మనకు మంచు తెలియదు. చల్లటి నీళ్లలో చేతులు మొద్దుబారడం తెలుసు. మా అమ్మ దవాఖాన దుప్పట్లు ఉతికేది. చలికాలం సాయంత్రాలు ఇంటికొచ్చి, రొట్టె చేసే ముందు పెనం మీద చేతులు కాచుకునేది. ఈ సినిమాలో ఆమె పొయ్యి ముందు చేతులు చాచినప్పుడు నేను మా వంటింట్లో ఉన్నాను."

తప్పులు వెతికాను. రెండో మూడో దొరికాయి. దిద్దాను. దిద్దాక ఇంకా బాగుంది.

విఠల్‌రావు గారు రెండూ చదివి మణిది పైన పెట్టారు. "ఏమనుకోకమ్మా. నీది పాఠం లెక్క ఉంది. దీన్ల ప్రాణముంది. ఆ పిల్లనే వచ్చి చదవమను," అన్నారు. మణికి, ఆమెతో వచ్చేవాళ్లకు ముందు వరస పాసులు రెండు ఇచ్చారు.

ఆ పాసులు నా సంచిలోనే ఉండిపోయాయి. షాపుకు వెళ్లి, నీది తీసుకోలేదు మణీ, అన్నాను. మణి మెషీను మూత ఒకసారి ఎత్తి దించింది. "పోనియ్యున్రి అక్కా, మీది తీస్కున్నరు గదా," అని నవ్వింది. విఠల్‌రావు గారికి ఇంకో అబద్ధం చెప్పాను. వాళ్లమ్మకు కళ్లు కనబడటం లేదట, మణి ఊరెళ్లింది, నన్నే చదవమంది అన్నాను. "సరే, పిల్ల పేరు మాత్రం చెప్పు," అన్నారాయన.

చెబుదామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? లేక ఇన్నేళ్లలో అలా నమ్మడం అలవాటైందా?

ప్రారంభం రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. విఠల్‌రావు గారు చోటు దొరకని వాళ్లను సముదాయిస్తూ గేటు దగ్గరే ఉండిపోయారు. నేను పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడి మణి కాగితాలు చదివాను. "మా అమ్మ" అన్న మాట వచ్చింది. మా అమ్మ లెక్కల టీచరు. పరాయి బట్ట ఏనాడూ ఉతికి ఎరగదు. అక్కడ ఆగి, ఇది రాసింది నేను కాదు అనాల్సింది. ఆగలేదు. హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. పదకొండేళ్లలో నేను రాసిన దేనికీ జనం అలా ఊపిరి బిగబట్టి వినలేదు, అలా విన్నది నా మాటే అయితే ఎంత బాగుండునో అని ఒళ్లంతా కోరుకుంది. చదవడం అయ్యాక పేరు చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. చప్పట్లు మొదలయ్యాయి. నేను నమస్కారం పెట్టాను.

దర్శకురాలు నన్ను కౌగలించుకున్నారు. పక్కనున్న దుబాసీ చేత అడిగించారు, మీ అమ్మగారు ఉన్నారా అని.

"లేరు," అన్నాను. ఆ వేళకు మా అమ్మ ఇంట్లో టీవీ ముందు చిక్కుడుకాయలు వలుస్తూ ఉంటుంది.

సినిమా అయ్యాక మెట్ల మీద మణి కనిపించింది. వరసలో నిలబడి మామూలు పాసు సంపాదించుకుని వచ్చిందట, గేటు దగ్గర ఆ తోపులాటలో విఠల్‌రావు గారి కంట పడలేదట. పక్కన తల్లి. కంటి దవాఖానలో చూపించుకోవడానికి నిజంగానే పట్నం వచ్చింది. ఆమె ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు గరుగ్గా ఉన్నాయి.

"మీ అమ్మ గూడ దవాఖానల దుప్పట్లు ఉతికెనా బిడ్డా? పెనం మీద చేతులు కాపుకునేదంటివి. నేను గూడ గట్లనే చేస్తుంటి. మీరు గూడ మా అసొంటోళ్లే అని మా మణి ఎన్నడు జెప్పలే."

మణి వైపు చూశాను. కోపం లేదు. నేనేం చెబుతానా అని ఎదురుచూస్తోంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ముగ్గురమే ఉన్నాం.

"ఔనమ్మా," అన్నాను.

తల్లి భుజం మీద చెయ్యి వేసింది మణి. "పా అమ్మా, బస్సు పోతది." తల్లిని పట్టుకుని మెట్లు దిగింది.

మణి మళ్లీ క్లబ్బుకు రాలేదు. సినిమాల మీద మోజు తీరినట్టుంది అని విఠల్‌రావు గారితో అన్నాను. పేరు చెప్పావా అంటే చెప్పానన్నాను. నేను వేరే జిరాక్సు షాపు చూసుకున్నాను. ఆ సాయంత్రం హాల్లో ఉన్న ఒక పత్రిక సంపాదకుడు తమకు వారం వారం సినిమాల మీద రాయమన్నారు. ఈ రోజు సినిమాల మీద రాసే మనిషిగా నలుగురికీ తెలిశానంటే దాని పునాది అదే.

పోయిన నెల నాంపల్లి మెట్రో స్టేషన్లో ఎవరో "మేడమ్" అని పిలిచారు. మణి. అక్క అనలేదు. పెళ్లయిందట, ఒక స్కూలు ఆఫీసులో పని చేస్తోందట. వాళ్లమ్మ రెండేళ్ల కిందట పోయిందట. చెప్పేయాలని గొంతు దాకా వచ్చింది. కానీ నా నోట వచ్చింది వేరే మాట.

"ఇప్పుడేమైనా రాస్తున్నావా?"

"లే మేడమ్. గా రోజు నుంచి రాయబుద్ధి కాలే."

ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగా. హమ్మయ్య, రాయడం లేదు అనుకున్నాను. రైలొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. ఫోన్ నంబరు కూడా అడగలేదు. ఇన్నేళ్లూ నన్ను తినేస్తున్నది పశ్చాత్తాపమే అనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక తెలిసింది, అది ఇంకా అసూయేనని. ఆ రెండు కాగితాలు ఈనాటికీ నా బీరువాలో ఉన్నాయి. చదివిన ప్రతిసారీ అదే దురద.

ఆ పరిచయం మణి రాసింది. అందులోని అమ్మ మణి వాళ్లమ్మ. ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ నేను అబద్ధం చెప్పాను.

దీని ప్రతి ఒకటి విఠల్‌రావు గారికి పంపుతున్నాను. క్లబ్బులో అందరి ముందూ చదివినా సరే. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. క్షమించగల ఇద్దరిలో ఒకరు లేరు, రెండో మనిషి ఏ ఊళ్లో ఉంటోందో నేను అడగలేదు. అయినా చాలాకాలం తర్వాత ఊపిరి లోపలి దాకా వెళ్తోంది.