సంచీలు విప్పించే దోరాలిసా

రామీరో పేరెత్తితే చాలు, దోరాలిసా చేతిలో అల్లిక సూదులు వేగం అందుకుంటాయి. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మావి. మందలుగా మేపుకునే లామాల ఊలు వడికేది కూడా ఇద్దరం కలిసే. ఆ వేగాన్ని బట్టి ఆవిడ కడుపులో ఎంత మంట రగులుతోందో నాకు తెలిసిపోయేది.

తల్లి పోయాక తమ్ముడు సెవెరోని ఆవిడే పెంచింది. పెళ్ళి మాటెత్తితే "ముందు వీడి కాళ్ళ మీద వీణ్ణి నిలబడనీ" అనేది. నిలబడ్డాడు కూడా. మా ఊరి పైన అగ్నిపర్వతాల పక్కగా ఉప్పు సరస్సుల దాకా ఒక కాలిదారి ఉంది. చెట్టూ చేమా లేని ఎడారి. బయటి దేశాలవాళ్ళు అక్కడ నడవడానికి ఎగబడి వస్తారు. వాళ్ళకి దారి చూపించే పనికి కింద సాన్ పెద్రో పట్నంలో రామీరో దగ్గర కుదిరాడు సెవెరో. రామీరో రాజధాని నుంచి వచ్చి ఇక్కడ నడక యాత్రల వ్యాపారం పెట్టినవాడు. నవ్వుమొహం, మాటకారి.

ఆ ఏడు జులైలో, అంటే మాకు నడి చలికాలంలో, రామీరో ఒక్క అతిథిని తీసుకుని బయల్దేరాడు. వెంట సెవెరో. ఆ అతిథి ఎడారి అంటే ఎండే కదా అనుకుని జీన్సు ప్యాంటూ నూలు చొక్కాలూ వేసుకొచ్చాడు. పైకెక్కేసరికి వణుకు పట్టుకుంది.

"సెవెరో, నీ కోటూ పడుకునే సంచీ ఆయనకిచ్చెయ్" అన్నాడు రామీరో.

"మరి నాకో?"

"మీవాళ్ళకి చలేంట్రా! ఈ కొండల్లోనే పుట్టారు కదా."

యజమాని మాట. సెవెరో ఇచ్చేశాడు. ఆ సాయంత్రం తెల్లగాలి లేచింది. పొడిమంచుని ఎత్తి మొహాన కొట్టే గాలి అది. వచ్చిందంటే పక్కనున్న మనిషి కూడా కనపడడు. తెల్లారాక రామీరో, అతిథి నడిచి రోడ్డు చేరారు. సెవెరో లేవలేకపోయాడు. లామాలు కాసేవాళ్ళు మోసుకొచ్చారు. ఆసుపత్రిలో రెండు పాదాల వేళ్ళూ తీసేశారు, చేతివేళ్ళు కూడా కొన్ని.

అది చాలనట్టు రామీరో ఊరంతా చెప్పాడు: "తాగి ఆరుబయట పడుకున్నాడు. నేనేం చెయ్యను?"

దోరాలిసా వాళ్ళ నాన్న తాగి తాగి పోయాడు. అందుకని సెవెరో పండగపూట మా నేలతల్లి పచ్చమామకి నేలమీద ఒక చుక్క ఒలకబోయడమే తప్ప తను నోట పెట్టడు. మాకందరికీ తెలుసు. కానీ సాన్ పెద్రోలో మా మాట ఎవరు వింటారు? చూసిన ఒక్క అతిథీ వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.

దోరాలిసా రామీరో ఆఫీసుకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"నా తమ్ముడు తాగాడన్నావట."

"చూడమ్మా, బాధలో ఉన్నావు. అర్థం చేసుకోగలను. కానీ మీవాళ్ళు తాగడం నాకేమైనా కొత్తా?" అని, బల్ల మీదున్న బిస్కెట్ల పళ్ళెం ఆవిడవైపు జరిపాడు.

దోరాలిసా ఆ పళ్ళెంకేసి చూసింది. వెనక్కి తిరిగి బయటికొచ్చేసింది.

ఆ తర్వాత ఊరి సభలో ఒక నిర్ణయం చేశారు. పైదారి మొదట్లో గేటు పెట్టాలి, చలికాలంలో వీపు సంచీ విప్పి సామాను చూపించకుండా ఎవరూ పైకి వెళ్ళకూడదు అని. ఆ గాలిలో పొద్దస్తమానం కూర్చోవడానికి ఎవరూ ముందుకి రాలేదు. దోరాలిసా చెయ్యెత్తింది.

"నేను కూర్చుంటా."

కూర్చుంది. మామూలువాళ్ళు వస్తే తల్లిలా చూసేది. మేజోళ్ళు చాలకపోతే తను అల్లినవి ఇచ్చేది, చెవులు మూసే టోపీ నెత్తిన పెట్టి దారాలు కట్టేది. రామీరో మనుషులు వస్తే మాత్రం లేచి నిలబడేది.

"విప్పు. ఇదేంటి?"

"బనీనండీ."

"నూలుది. ఎక్కేటప్పుడు చెమటకి తడుస్తుంది. ఎండ కొండ వెనక్కి పోగానే ఒంటిమీద ఐసుపలక. ఊలుది లేదా? పక్కన పెట్టు. నీళ్ళేవి?"

"సంచీలో ఉన్నాయి, ఈ గొట్టంతో తాగొచ్చు."

"పొద్దున్నకి ఆ గొట్టం కర్రయిపోతుంది, దాంతో కుక్కల్ని తోలుకో. వెడల్పు మూతి సీసా తెచ్చుకో. మేజోడులో దూర్చి తలకిందులుగా పెట్టుకో. గడ్డకట్టేది పైన కదా, మూత దగ్గర నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. పడుకునేటప్పుడు వేసుకునే మేజోళ్ళేవి?"

"ఇవే, కాళ్ళకున్నవే..."

"పగలంతా చెమట పట్టినవాటితో పడుకుంటావా? వెనక్కి ఫో! మీ యజమానికి చెప్పు, గాలి ఆగే పైకోటు ఒకటి, దాని కింద పక్షి ఈకల కోటు ఒకటి, రెండు జతల చేతి తొడుగులు, నల్లకళ్ళజోడు, మొహానికి రాసుకునే ఎండమందు. అన్నీ ఉంటేనే ఈ గేటు కర్ర లేస్తుంది."

రామీరో అద్దెకిచ్చే సామానులో ఎప్పుడూ ఏదో ఒక కక్కుర్తి ఉండేది. ఆవిడకి అదే అందివచ్చింది. ఒకసారి తనే జీపేసుకొచ్చి అరిచాడు.

"కావాలనే చేస్తున్నావు!"

"అవును బాబూ, కావాలనే చూస్తున్నా. నేను చెప్పిందాంట్లో తప్పుంటే చెప్పు, పెద్దల్ని పిలుస్తా."

తప్పేముంది చెప్పడానికి? తిరిగి వెళ్ళిన అతిథులు ఊరుకుంటారా, నలుగురికీ చెప్పారు. దారి చూపేవాళ్ళు ఒక్కొక్కళ్ళే అతన్ని వదిలేశారు. కొన్నేళ్ళకి తనే అతిథుల వెంట నడవాల్సిన గతి పట్టింది. ఆ కబురు విన్న రోజు దోరాలిసా కూనిరాగం తీసుకుంటూ లామా మాంసం వండింది.

కిందటి చలికాలం రామీరో ఇద్దరిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. మా దేశం దక్షిణపు కొసనుంచి వచ్చిన మరియెలా అనే టీచరు, ఆవిడ భర్త. వాళ్ళ సంచీల్లో వంక పెట్టడానికేమీ లేదు. ఊలు బట్టలు, పొడి మేజోళ్ళు, వేయించిన పిండి, ఎండుమాంసం అన్నీ ఉన్నాయి. తర్వాత రామీరో సంచీ. నేను పక్కనే కదురు తిప్పుతూ చూస్తున్నాను. మెరిసే పల్చటి కోటు, నూలు మేజోళ్ళు, ఎండాకాలం పడుకునే సంచీ. కాళ్ళకి బిగుతుగా కొత్త బూట్లు.

"నావి చూడక్కర్లేదు. ఈ దారి నీకంటే నాకే ఎక్కువ తెలుసు" అన్నాడు.

దోరాలిసా అతని మొహంకేసి చాలాసేపు చూసింది. తర్వాత తన చేతులతోనే ఆ సంచీ మూతి బిగించి కట్టింది.

"వెళ్ళిరా బాబూ" అంది.

వాళ్ళు మలుపు తిరిగాక అన్నాను: "వాడి సంచీలో ఊలు పోగు లేదు కదే!"

"చూశాలే" అంది.

మర్నాడు మధ్యాహ్నం అగ్నిపర్వతం నెత్తిన మబ్బు టోపీ పెట్టినట్టు కూర్చుంది. సాయంత్రానికి తెల్లగాలి. ఆ మర్నాడు పొద్దున గాలి తగ్గీ తగ్గకముందే దోరాలిసా కంచరగాడిద మీద కంబళ్ళు వేస్తూ కనిపించింది.

"మనసు మారిందా?" అన్నాను.

"లేదు. వాడు చస్తే నిజం కూడా వాడితోపాటే చస్తుంది."

ఆవిణ్ణి ఒక్కదాన్నీ పంపడానికి నాకు ధైర్యం చాల్లేదు. నేనూ బయల్దేరాను.

కాపరులు పేర్చిన రాతిగోడ వెనక దొరికారు ముగ్గురూ. మొగుడూ పెళ్ళాలు బాగానే ఉన్నారు, చిన్న పొయ్యి మీద మంచు కరిగిస్తున్నారు. రామీరో గోడకి ముడుచుకుపోయి పళ్ళు టకటకలాడిస్తున్నాడు. బూట్లు విప్పేసి ఉన్నాయి. పాదాలు మైనంలా తెల్లబడ్డాయి. దోరాలిసా అతనికెదురుగా రాయి మీద కూర్చుంది. ఫ్లాస్కు తీసి, కొండల్లో దొరికే చచకోమా ఆకు టీ వొంపుకుని, ఊదుకుంటూ తాగడం మొదలెట్టింది.

"అమ్మా... నాక్కొంచెం..."

"సెవెరో ఆ రోజు తాగాడా?"

అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆయన కాళ్ళు చూడండమ్మా ముందు!" అంది మరియెలా కంగారుగా.

"చూస్తున్నా. మా తమ్ముడివి ఇంతకంటే ఘోరంగా ఉన్నాయి." మళ్ళీ ఒక గుక్క తాగింది. "రామీరో, తాగాడా?"

"లేదు."

"నాకెందుకు చెప్తావు? నాకు తెలుసు. వాళ్ళకి చెప్పు."

చెప్పాడు. వణుకుతూ, ముక్కలు ముక్కలుగా, కోటు లాక్కున్న సంగతి, పడుకునే సంచీ సంగతి, అబద్ధం సంగతి అంతా చెప్పాడు. మరియెలా భర్త చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అప్పుడు దోరాలిసా పొడి మేజోళ్ళు, కంబళ్ళు నా ఒళ్ళో పడేసింది.

"నువ్వు తొడుగు. నేను వాణ్ణి ముట్టుకోను."

తర్వాత ఊరి సభకి రామీరో కట్టుకట్టిన కాలితో వచ్చాడు. "ప్రాణభయంతో ఏదేదో వాగాను" అని దాటెయ్యబోయాడు. సభ కోసమే ఆగిన మరియెలా లేచి తను విన్నదంతా మాట పొల్లుపోకుండా చెప్పింది. ఇక మా దారిలో అతను అడుగుపెట్టకూడదని పెద్దలు తేల్చారు. అతను సాన్ పెద్రోలో తలుపులకి తాళం వేసి వెళ్ళిపోయాడు. కాలివేలు ఒకటి తీసేశారని తెలిసింది.

"ఒక్కటేనా?" అంది దోరాలిసా.

సెవెరో మాత్రం సభ ముగియకముందే కర్ర పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. దోరాలిసా వెనకే వెళ్ళింది. గోడ ఇవతల నాకు అన్నీ వినపడ్డాయి.

"నీకోసమే కదరా! తాగుబోతన్నాడు నిన్ను!"

"అన్నాడక్కా. ఇప్పుడు కాదని తేలింది. సంతోషమే." కర్ర గోడకి ఆనించిన చప్పుడైంది. "కానీ వాడి సంచీ చూసి కూడా పంపించావు. ఆ టీచరమ్మ, ఆమె మొగుడూ వాడి వెనకే నడిచారు. ఆ గాలిలో దారి చూపేవాడు పడిపోతే వాళ్ళేమయ్యేవాళ్ళు? వాడు నాకు చేసినట్టే కదా?"

దోరాలిసా ఏడుపు వినిపించింది. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు ఆ మనిషి.

మర్నాడు గేటు తాళంచెవులు తెచ్చి పెద్దల ముందు పెట్టేసింది. ఇప్పుడు అక్కడ సెవెరో కూర్చుంటున్నాడు. చేతివేళ్ళు చాలవు కాబట్టి "మీరే విప్పండి బాబూ" అంటాడు. ఎవరి మనుషులని అడగడు. లోటుంటే ఎవరినైనా సరే వెనక్కి పంపుతాడు.

మొన్న ఊలు ఉతుకుతున్నప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, రామీరోని అలా పంపినందుకు బాధగా ఉందా అని.

"ఆ ఇద్దరి విషయంలో తప్పు చేశాను. కలలోకి కూడా వస్తున్నారు" అంది, చేతుల్లో ఊలు పిండుతూ. "వాడా? వాడింకా ఆ గోడ పక్కనే కూర్చుని ఉంటే, టీ ఇంకో ఫ్లాస్కు పట్టుకెళ్ళి తాగేదాన్ని."