రజిత పెట్టె తెరుచుకున్న మధ్యాహ్నం

నేను బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌ని. ఉద్యోగమంతా భూమి కిందే. దయ్యాలనేవి నిజంగా ఉంటే ఆ చీకట్లో ముందు మాలాంటి వాళ్లకే కనపడాలి కదా. నాకు ఏనాడూ కనపడలేదు. మా ఇల్లందులో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే నవ్వి లేచి వచ్చేసేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు.

నా భార్య రజిత నర్సు. భద్రాచలం అవతల, అడవిలో ఒక ఆరోగ్య కేంద్రంలో డ్యూటీ. సోమవారం బస్సెక్కితే మళ్లీ శనివారమే ఇంటికి రావడం. నడుం నొప్పితో సంచులు మోయలేక ఆన్‌లైన్‌లో ఒక కరెంటు సూట్‌కేసు తెప్పించుకుంది. అడుగున బ్యాటరీ, చిన్న మోటారు. పిడి పట్టుకుంటే దానంతటదే నడుస్తుంది. తాళం ఆమె వేలు ఆనిస్తేనే తెరుచుకుంటుంది. బస్టాండులో జనం వింతగా చూసేవాళ్లు. "నీకంటె ఇదే నయం, చెప్పినట్టు వింటది" అని నన్ను ఆటపట్టించేది.

పోయిన చలికాలం చివర్లో ఒక సోమవారం పొద్దున, పెట్టె సర్దుకుని బయల్దేరిన మనిషి బస్టాండులో కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాం. వారం తిరక్కముందే పోయింది. జ్వరం మెదడుకు పాకిందన్నారు. ఇంకేవో చెప్పారు గానీ నేను వినలేదు. పెట్టె మాత్రం ఇంటికొచ్చింది, ఆమె వేసిన తాళంతోనే.

మైల అని ఇంట్లో ఉన్న ఆమె చీరలన్నీ అప్పటికే ఉతికేశారు. నేను తేరుకుని చూసేసరికి దండెం మీద సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఇక ఆమె వాసన ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ పెట్టెలోనే ఉండాలి. అందుకే తాళం పగలగొడదామని ఎవరన్నా నేను ఒప్పుకోలేదు.

ఎండాకాలం ఎలాగో గడిచింది. వానలు మొదలయ్యాక భయం పట్టుకుంది. ముసురు పట్టిందంటే మా క్వార్టర్లలో గోడలు చెమరుస్తాయి, చెప్పులకు బూజు వస్తుంది, అగ్గిపుల్ల కూడా వెలగదు. బస్టాండు దగ్గర బ్యాగులు అమ్ముతూ రిపేర్లు చేసే సలీం భాయ్‌ని అడిగాను.

"బ్యాటరీ తీసి వేరే పెట్టు భాయ్. చార్జింగ్ ఫుల్ చెయ్యకు, మొత్తం దిగనియ్యకు, సగం ఉంచు. పెట్టెకు ప్లాస్టిక్ కవర్ సుట్టకు, లోపల చెమ్మ పట్కుంటది. నేల మీద గాదు, పీట మీద పెట్టు" అని చెప్పి, ఇంకో మాట అన్నాడు. "అసలైతే మూత తెరిచి గాలి తగలనియ్యాలె. లేకుంటే బట్టలు ఖరాబైతయ్."

"మూత తెరిచేది లేదు భాయ్" అన్నాను.

మిగిలినవన్నీ ఆయన చెప్పినట్టే చేశాను. బ్యాటరీ అడుగు నుంచి జారి వస్తుంది, దానికి తాళంతో పని లేదు. పొడి నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. అలవాటు కొద్దీ మీటరు పెట్టి చూశాను. పెట్టె తాళంలో చుక్క కరెంటు లేదు. తర్వాత రోజూ డ్యూటీ దిగి, దాని మూత మీద చెయ్యి వేసి కూర్చునేవాణ్ణి. లోపల ఆమె బట్టలు బూజు పట్టిపోతున్నాయని తెలుసు. తెరిస్తే వాసన పోతుంది, తెరవకపోతే బట్టలు పోతాయి. ఏం చేయాలో తోచక ఏడ్చేవాణ్ణి.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చాను. మాతోనే ఉండే మా అమ్మ పక్క క్వార్టరు అరుగు మీద కూర్చుని ఉంది. మా తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. తీసుకుని లోపలికి వెళితే, పీట మీద పెట్టె మూత పూర్తిగా తెరుచుకుని ఉంది.

తాళం మీద గీత కూడా లేదు. బట్టలకు బూజు లేదు. అన్నిటికంటే పైన ఆమె తువ్వాలు. ఆ సోమవారం తలంటుకుని, బస్సుకు వేళవుతోందని తల తుడుచుకున్న తువ్వాలు అలాగే పెట్టెలో పడేసుకున్నట్టుంది. చేతిలోకి తీసుకున్నాను. తడిగా ఉంది. చెమ్మ కాదు, ఇప్పుడే తల తుడిచినంత తడి. కుంకుడురసం వాసన, దాని వెనకే ఆమె వాసన. పొడుగాటి వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది.

ఇంకొకరైతే దాన్ని గుండెకు హత్తుకుని కూర్చునేవారు. నన్ను తొలిచే పురుగు వేరు. కప్పు చూశాను, ఎక్కడా కురవడం లేదు. తువ్వాలు కిందున్న చీర పొడిగా ఉంది. బీరువా తీశాను, బ్యాటరీ చుట్టిన గుడ్డలో చుట్టినట్టే ఉంది. మీటరు మళ్లీ పెట్టాను, ముల్లు కదల్లేదు. తువ్వాలు పెట్టెలోనే పెట్టి, బండి తీసి వానలోనే సలీం భాయ్ దగ్గరికి పరుగెత్తాను.

"కరెంటు లేకుంటే అది తెరుచుకోదు భాయ్, పగలగొట్టాల్సిందే" అన్నాడు. నా ముఖం చూసి, "ఇక్కడేం చేస్తున్నవ్? జల్దీ ఇంటికి పో, పెట్టె కాడ కూసో" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో అమ్మ కుంపటి రాజేసింది. గ్యాసు పొయ్యి ఉన్నా, వానాకాలం మా బొగ్గు ఊళ్లలో ఆడవాళ్లు బట్టలు ఆరబెట్టేది ఇలాగే. నిప్పుల మీద గంప బోర్లించి ఉంది. గంప మీద తువ్వాలు.

"తడి తువ్వాలు పెట్టెల పెట్టి ఎటు పోయినవ్ బిడ్డా? పిండితే నీళ్లు కారినయ్. పొడి బట్టలన్నీ ముక్కిపోవా? కోడలి బట్టలు జర పైలంగ ఉంచుకోవాలె గద" అంది.

పెట్టె నేనే ఎలాగో తెరిచి తువ్వాలు తడిపాననుకుంది. "నీళ్లు ఏం చేసినవే?" అని అడిగాను.

"ఏం చేస్త? మోరీల పోసిన" అంది.

ఆమెను ఏమనాలి? కోడలి మీద ప్రేమకొద్దీ చేసింది. ఈ రోజు వరకూ ఆమెకు నిజం చెప్పలేదు.

ఆ తాళం ఎలా తెరుచుకుందో, ఎండాకాలమంతా ఆ తువ్వాలు ఎందుకు ఆరలేదో నా చదువుకు అందలేదు. వచ్చింది రజితే అనుకుందామంటే, ఆమె వాసన మిగిలి ఉన్న ఆ కాసేపూ నేను ఇంట్లో లేను.

తువ్వాలు నా దగ్గరే ఉంది. బాగా ఆరింది. బొగ్గు పొగ వాసన వస్తుంది.