సగటు తీసిన అంకెలు

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం జహీరాబాద్ మార్కెట్ యార్డులో సొంతంగా నేర్చుకున్నాను. కంది బస్తాలో తేమ చూడాలంటే పైనుంచి ఒక పిడికెడు, అడుగునుంచి ఒక పిడికెడు తీసి, మిషన్‌లో రెండుసార్లు చూసి, సగటు రాస్తాం. ఒక్కచోటి అంకెను నమ్మం. ఇరవై రెండేళ్లుగా చేతికి అలవాటైన పని.

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిన రెండో రోజు కూడా అదే పని చేశాను.

బిడ్డ పాలు తాగలేకపోతోంది. రెండు గుక్కలకే అలసిపోతోంది. ఆ పూట దవాఖానాలో నర్సు ఒక్కతే. రక్తంలో ఆక్సిజన్ చూసే పట్టీని బిడ్డ కుడిచేతికి ఒకసారి, కాలికి ఒకసారి చుట్టి, గంటగంటకూ అంకెలు చెప్పేది.

"అంకుల్, లెక్కలు మంచిగొస్తయంటవు గదా, జర గీ కాయితం మీద నువ్వే రాయి. అవతల ఇంకా ముగ్గురున్నరు నాకు."

రాశాను. పొద్దున ఎనిమిదింటికి చెయ్యి తొంభై ఏడు, కాలు ఎనభై తొమ్మిది. కాయితం మీద వేసింది తొంభై మూడు. మధ్యాహ్నం రెండింటి దాకా ఏడు అంకెలు, ఒక్క కొట్టివేత లేకుండా. వార్డు చూడవచ్చిన డ్యూటీ డాక్టర్లు ఆ కాయితం చూసి, కొంచెం తక్కువుంది, చూద్దామని వెళ్లారు.

ఆ తర్వాత కాసేపటికి పిల్లల డాక్టర్ వచ్చారు. బిడ్డ తొడ మూలల్లో వేలుపెట్టి చాలాసేపు నాడి వెతికారు. తర్వాత కాయితం తీశారు.

"ఇది చెయ్యిదా, కాలుదా?"

"రెండిటిదీ సార్. సగటు తీసిన."

"సగటెందుకు తీసిన్రు? నాకు గావాల్సిందే ఆ తేడా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

అంకెలు నాకు మరుపు రావు. అన్నీ అప్పజెప్పాను. పొద్దున తేడా ఎనిమిది, రెండింటికి పదమూడు. సగటు మాత్రం రెండున్నరే తగ్గింది.

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఒకచోట సన్నబడి ఉండవచ్చన్నారు. కడుపులో ఉన్నప్పటి చిన్న నాళం ఒకటి ఇంకా పూర్తిగా మూసుకోలేదట, కాళ్ల దాకా రక్తం దాని గుండానే పోతోందట. అది మూసుకుంటే బిడ్డ దక్కదు. తెరిచి ఉంచే మందు బొట్టుబొట్టుగా ఎక్కిస్తూ హైదరాబాద్ పంపారు. ఆ మందుకు ఊపిరి ఆగవచ్చని ఆయనే అంబులెన్స్ ఎక్కారు. అక్కడ స్కానింగ్‌లో అదే తేలింది. వెళ్లిన మూడో రోజు సన్నబడ్డ ముక్క కోసి తీసి, రెండు కొసలూ కలిపి కుట్టారు.

పంతొమ్మిది రోజులు వరండాలోనే కూర్చున్నాను. నేను పోగొట్టిన ఆ గంటలు ఎంత చెరుపు చేశాయని అడిగితే, చెప్పలేమన్నారు అక్కడి డాక్టర్లు.

తిరిగి వచ్చేటప్పుడు, సదాశివపేట దాటాక, కారులో అమ్మాయికి ఆ సగటు సంగతి చెప్పాను.

"నాకెరుకే నాయినా. నర్సక్క ఆ రోజే చెప్పింది."

"మరి అడగలేదేం?"

"ఏమడుగుత? నువ్వే చెప్తవని చూసిన." బిడ్డను నా ఒళ్లో పెట్టింది. "ఇగ పట్టు. చేతులు గుంజుతున్నయ్. తల కింద చెయ్యి పెట్టు, గట్ల కాదు, జర మీదికి."

ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఊరు వచ్చేదాకా నేను చెయ్యి కదపలేదు.