తాళమేసిన ఐసు పెట్టె

నేను నాలుగో తరగతి దాంక సదివిన. తప్పులుంటె ఏమనుకోకుండ్రి. గని గిది రాయకుంటె నా కడుపుల మంట సల్లారది.

తిరుమలగిరిల ఒక టీచరమ్మ ఇంట్ల వంట చేస్తుంటి. ఆమెది కోస్తా దిక్కు. ఆ ఇంట్ల కట్టె ఐసు పెట్టె ఉండె, లోపల రేకు. రోజు బండి మీద ఐసు గడ్డ వస్తుండె. పాలు, వెన్న, రొట్టె అన్నీ అండ్లనే. పనోళ్లు తింటరని దాని తాళం చెవి ఆమె నడుముకే. లోపల తుడుసుడు సుత ఆమెనే.

ఒకనాడు పెట్టెల రొట్టెకు బూజు పట్టింది.

"ఏమే, మురికి చేతులతో ముట్టుకున్నావా?"

"చెవి మీ దగ్గర్నే ఉండె గద అమ్మగారూ."

"ఎదురు మాట్లాడతావా!"

ఆదివారం చర్చిల నావి గలీజు చేతులని అందరికి చెప్పింది. అంతకుముందు నన్ను పనికి పెట్టుకుంటనన్న అల్వాలామె సుత గది ఇని "గలీజు చేతులదా, వద్దు" అన్నదట. ఇటుక పొడితోని చేతులు రుద్దుకుంట ఏడ్చిన.

గంతల్నే పోలీస్ యాక్షనని ఫౌజులు దిగినయి. ఐసు బండి బందయింది. ఐసు మళ్ల వచ్చెదాంక ఎవ్వరు ముట్టొద్దని, తడి ఆరకముందే అమ్మగారు ఖాళీ పెట్టెకు తాళమేసింది. మూడొద్దులకు వాసన షురూ.

"ఎలుక చచ్చిందేమోనే?"

"అయుండొచ్చమ్మగారూ."

పెట్టె తలుపు సందుల నల్లగ బూజు నాకు కనబడుతనే ఉండె. ఆరబెట్టుండ్రి అని ఒక్క మాట అంటె అయిపోతుండె. కావాలనే అనలే. పొయ్యి ఊదుకుంట నవ్వుకున్న.

లొల్లి సల్లబడ్డంక ప్రార్థనకని చర్చి ఆడోళ్లను ఇంటికి పిలిచింది. అల్వాలామె సుత వచ్చింది. ఆ పొద్దే ఐసు బండి మళ్ల వచ్చె.

"నిమ్మరసం చల్లగా ఇస్తాను" అని అందరి ముందర గొప్పగ అని, చెవి నా దిక్కు జాపింది. ఎన్నడు లేంది! "ఐసు లోపల పెట్టవే."

"వద్దమ్మగారూ, నా చేతులు గలీజు గద. మీరే తెరువుండ్రి."

అందరు సూస్తున్నరు. మొఖం మాడ్చుకోని తెరిచింది. వాసన గుప్పుమన్నది. రేకు నిండ నల్లగ, పచ్చగ, పిల్లి బొచ్చు లెక్క బూజు. ఆడోళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నరు.

"గిండ్ల పెట్టినయేనా వచ్చినప్పుడల్ల మాకు పోసింది?" అన్నది ఒక ముసలామె.

"ఇది... ఈ పిల్లే..."

"చెవి నీ చేతులనే ఉన్నది గదమ్మా" అన్నది అల్వాలామె.

అమ్మగారి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు జాలి రాలే, ఇప్పటికి సుత రాలే. "తుడవవే" అని గుడ్డ ఇచ్చింది. మళ్ల ఆమె చేతులనే పెట్టిన.

అల్వాలామె రమ్మంటె సోమవారం ఆమె ఇంట్ల పనికి చేరిన. ఆమె పిండి గిన్నె నా ముందర పెట్టి "కలుపు" అన్నది. చేతులు సూపియ్యి అనలే.